ప్రవరుని హిమవద్యాత్ర : అధ్వవిచారము

మనుచరిత్రము ద్వితీయాశ్వాసమునందలి హిమవద్వర్ణనము పాఠశాలలలోఁ జదువు బాలురు మొదలు శాస్త్రపండితులవఱకు నందఱకును గంఠస్థమైనది. దానిని గూర్చి రెండు తీర్పులు చిరకాలముగా వినఁబడుచున్నవి. పెద్దన హిమవంతమును జూచినవాఁడు కాఁడనియు, ఆతఁడు వర్ణించినది మంచుకొండ గాక యేనుఁగులును నెమళ్లును గల యొక యుద్యానపర్వత మనియు నొకరి మాట. కవిసమయసిద్ధమైన వర్ణనమునందు దేశపరీక్ష చేయుట యరసికత్వ మని మఱియొకరి మాట. ఈ యిరుపక్షములవారును బద్యమును విడఁదీసి చదువుచున్నారు గాని యది కథలో నెచ్చట నున్నదో విచారింపకున్నారు. కొండ యెట్లున్నదను ప్రశ్నకు ముందు, ప్రవరుఁ డా కొండ కెట్లు పోయెనను ప్రశ్న యొకటి గలదు. దానికి సమాధానము చెప్పినఁ గాని మొదటి ప్రశ్న తేలదు.

కథ యందఱెఱిఁగినదే. వరణానదీతీరమునఁ గల యరుణాస్పదపురమున వసించు ప్రవరునకు దేశములు చూడవలెనను కోరిక మెండు. తీర్థయాత్ర చేసి వచ్చినవా రెవ్వరైన నింటికి వచ్చినచో వారిని బూజించి తాము చూచిన విశేషములు చెప్పుఁడని యడుగుట వాని కలవాటు. అట్లే వచ్చిన యొక సిద్ధుఁడు తన యాత్రలను జెప్పఁగా, ఇన్ని దేశములు చూచుటకుఁ జిరకాలము పట్టవలెను గదా, ఈ ప్రాయమున నీకిది యెట్లు కుదిరెనని ప్రవరుఁ డడిగెను. సిద్ధుఁడు పాదలేపమహిమఁ జెప్పి, యా పసరు వాని పాదములకుఁ బూసెను. మూలమైన మార్కండేయపురాణమున నీ లేపముయొక్క వేగము అర్ధదినమున సహస్రయోజనములని చెప్పఁబడినది. ఆ పురాణమును దిక్కనకు శిష్యుఁడైన మారన తెనిఁగించెను. పెద్దన యా కథాబీజమునే గ్రహించి ప్రబంధముగాఁ బెంచెను. మూఁటియందును యాత్ర యొక్కటే, లేపము గరఁగుట యొక్కటే. పెద్దన పెంచినది కొండను.

ఇఁక కాలినడకఁ బోవువానికి హిమవంత మెట్లు గనఁబడునో చూతము. ఇందులకు గంగోత్రినుండి గోముఖమునకుఁ బోవు త్రోవ చక్కని నిదర్శనము. గంగోత్రి సముద్రమట్టమునకు సుమారు 3,100 మీటర్ల యెత్తున నున్నది. అటనుండి గోముఖము సుమారు 18 కిలోమీటర్లు. మైదానమున నిది యొకదినపు నడక. అచ్చట నట్లు గాదు. గంగోత్రియొద్ద దేవదారువులు గలవు. భాగీరథీతటమును బట్టి తొమ్మిది కిలోమీటర్లు పోవువఱకు సరళజాతి వృక్షము లుండును. ఆ విడిదికిఁ జీర్‌బాసా యను పేరు వచ్చుటకు నవియే కారణము. పదునాలుగవ కిలోమీటరునొద్ద భోజ్‌బాసా. అది భూర్జవృక్షములకుఁ బేరువడిన చోటు, యెత్తు సుమారు 3,800 మీటర్లు. భూర్జమునకుఁ బైని జెట్టను మాట లేదు. ఆవల నంతయు ఱాళ్లును, గాలియు, మంచును. సుమారు 4,000 మీటర్ల యెత్తున గోముఖము; అచ్చట మంచుగోడ క్రిందినుండి భాగీరథి వెలువడును. ఆ గోడ వెనుక సుమారు ముప్పది కిలోమీటర్ల పొడవున హిమానీనదము వ్యాపించియున్నది.

హిమానీ యను పదమే యిచ్చట విచారింపఁదగినది. హిమశబ్దమునకు స్త్రీప్రత్యయము వచ్చునపుడు మహత్త్వ మర్థమని వార్తికకారుఁడు చెప్పెను. పెద్దదైన మంచు హిమాని. అది నిలిచియున్నట్లు కనఁబడుచుఁ దన బరువుచేతనే మెల్లగా దిగువకు జరుగుచుండును గావున నదమనుటయు యుక్తమే. దాని పైభాగము తెల్లని పానుపు గాదు. ఇరుప్రక్కల కొండలనుండి రాలిన ఱాళ్లు దానిని గప్పియుండును, ఱాళ్ల నడుమ లోఁతైన పగుళ్లుండును. ఆ ఱాళ్లమీఁదుగా దాఁటి పోయినవారు సుమారు 4,450 మీటర్ల యెత్తునఁ గల తపోవనమను పచ్చికబయలు సేరి, యెదుట 6,543 మీటర్ల శివలింగశిఖరమును జూతురు. ఈ యాత్రకు సామాన్యముగా నాలుగైదు దినములు పట్టును. అట్లు పట్టుటకుఁ గారణము దూరము మాత్రమే గాదు. మూఁడువేల మీటర్లు దాఁటిన పిమ్మట నొకరాత్రి పండుకొన్న చోటునకు మఱుసటిరాత్రి పండుకొను చోటు ఐదువందల మీటర్లకు మించిన యెత్తున నుండరాదని కొండలెఱిఁగిన వైద్యులు చెప్పుదురు. క్రమము దప్పి యెక్కినవానికిఁ దలనొప్పియు, వమనమును, ఒక్కొక్కప్పుడు ప్రాణహానియుఁ గలుగును. అనఁగా నచ్చటఁ గ్రమమును విధించునది కొండయే.

ఈ క్రమమును దెలిసికొని పెద్దన పద్యమును జూచినచో నాక్షేపమునకుఁ గొంత బలము గలదనుట యొప్పుకొనవలసినదే. ఆకాశము నంటు శిఖరములు, సెలయేళ్ల తరఁగల మృదంగధ్వని, దానికిఁ బురివిప్పి యాడు నెమళ్లు, ఆఁడేనుఁగుల తొండములచేఁ గదలు సాలములు, ఇవి యన్నియు నొక్కచూపున నచ్చటఁ గానవచ్చును. నేఁటి వృక్షశాస్త్రమునుబట్టి సాలవృక్షము హిమవత్పాదములయందు సుమారు 1,200 మీటర్లకు లోపల నుండునది. ఏనుఁగు లున్నది హరిద్వార ఋషీకేశ ప్రాంతములయందలి శివాలికపుఁ గొండలలో. అటనుండి గంగోత్రికి రెండువందల కిలోమీటర్లకు మించిన దారి. దండి చెప్పిన కావ్యదోషములలో దేశవిరోధ మొకటి గదా. దీనిని దానికి లక్ష్యముగాఁ జూపవచ్చునా?

ఇందులకుఁ బద్యమునందలి పదములే కొంత సమాధానము సెప్పుచున్నవి. ఏనుఁగులు తిరుగుచోటును గవి కటకమనెను. శిరస్సు వేఱుగాఁ జెప్పెను. అమరసింహునిఁబట్టి కటకము కొండయొక్క నితంబభాగము. కావున శిఖరమున సెలయేళ్లును, నడుమఁ గరేణువులును నను విభాగము కవిమనస్సున నున్నదనుట కవకాశము గలదు. సాలశబ్దమును వృక్షసామాన్యమునకుఁ గూడ నిఘంటువు పఠించినది గావున నది యొక్క జాతినే చెప్పునని నిర్బంధము లేదు. నెమలి విషయమున మాత్రము నిఘంటువు సాయపడదు. అది దిగువకొండల పక్షియే. అది శబ్దసామ్యముకొఱకుఁ దేఁబడినదని యంగీకరించుటయే న్యాయము. కుమారసంభవమునఁ గాళిదాసును గూడ గజములను, సింహములను, గరఁగు మంచును నొక్కచోఁ జెప్పెను. దోషమే యైనచో నాతనికిని భాగము గలదు.

కాని కాళిదాసునందుఁ బెద్దనయందు లేనిది యొకటి గలదు. మేఘములు కొండనడుమ మాత్రమే తిరుగుచుండఁగా, వానకు వెఱచిన సిద్ధులు పైశిఖరముల యెండకుఁ బోవుదురని యాతఁడు చెప్పినపుడు చదువరి యెత్తు నెఱుఁగును. గడ్డకట్టిన మంచు కిన్నరాంగనల వ్రేళ్లను మడమలను బాధించుచున్నను వారు మెల్లని నడక విడువరని చెప్పినపుడు చదువరి యాత్రోవను బాదములతో నెఱుఁగును. సరళము, దేవదారువు, భూర్జము అను మూఁడు చెట్లను నాతఁడు పేర్కొనెను. మూఁడును గొండ యెక్కువానికి నిజముగా నెదురగునవి. మేఘదూతమునఁ గనఖలము, క్రౌంచరంధ్రము, కైలాసము, మానసము అని మజిలీలు గలవు; పాదములు లేని మేఘమునకు సైతము అలసినప్పుడు శిఖరములపై నిలిచి పొమ్మని యక్షుఁడు చెప్పెను. ప్రవరునకుఁ బాదములు గలవు గాని మజిలీలు లేవు.

ఇచ్చటనే యసలు విషయము. పాణిని కాలవాచకములకును నధ్వవాచకములకును గలిపి రెండు విధులు చేసెను. క్రియకుఁ గాలముతోఁ గాని మార్గముతోఁ గాని యెడతెగని సంబంధము, అనఁగా నత్యంతసంయోగము, గలిగినపుడు ద్వితీయ వచ్చును. ఆ క్రియ ఫలము నంది ముగిసినదని తోఁచినపుడు తృతీయ వచ్చును. మాసమును జదివెననినఁ జదువు మాసమంతయు వ్యాపించెనని మాత్రమే తెలియును. మాసముచేఁ జదివెననినఁ జదివినది చేతికి వచ్చెనని యర్థము. క్రోశమును గూర్చియు నిదియే న్యాయము. ఇందు వైయాకరణులు గమనించునది యేమనఁగా, తృతీయను విధించు రెండవ సూత్రమున మొదటి సూత్రమునందలి యత్యంతసంయోగ మనువర్తించును. ఫలము గలిగినదని చెప్పుటకును సంయోగము ముందుండవలెను. సంయోగము లేని ఫలమునకు నీ ప్రకరణమున విభక్తి లేదు.

ప్రవరుని యాత్ర యట్టిది. వానికి ఫలము గలదు, అధ్వసంయోగము లేదు. సిద్ధుని జూచి యింతకాల మెట్లు చాలెనని ప్రవరుఁ డడిగినది సరియైన ప్రశ్నయే. అది మార్గమును గూర్చిన ప్రశ్న. సిద్ధుని ప్రత్యుత్తరము మార్గమును ద్రోసివేసెను. అందుచేఁ బెద్దన ప్రవరుని హిమవంతమున నిలిపినపుడు దిగువ పైగాను, బైది దిగువగాను, అన్నియు నొక్కమాఱు వాని కంటఁ బడినవి. చీర్‌బాసా దాఁటి భోజ్‌బాసా చేరినవాఁడు చెట్లను గ్రమముగా నెఱుఁగును. ఆకాశమునుండి దిగినట్లు వచ్చినవానికిఁ గ్రమ మెక్కడిది? విరోధమంతయు నొక్కొక్కప్పుడు కవికౌశలముచే దోషగణనము దాఁటి గుణమగునని దండియే చెప్పియున్నాఁడు. ఇచ్చటి విరోధము వర్ణించువాని యజ్ఞాన మనుటకంటెఁ జూచువాని స్థితి యనుట కథకుఁ దగియున్నది.

ఈ సమాధానము గ్రంథము వెలుపలినుండి తెచ్చి యతికినది కాదనుటకు సాక్ష్యము మధ్యాహ్నవర్ణనము. ప్రవరుఁడు కొండను జూచి చూచి, దీని మహిమ నెన్న బ్రహ్మకును దరము గాదు, మిగిలినది రేపు చూచుకొందునని తలఁచెను. ఎండకుఁ గాఁగిన సూర్యకాంతశిలలఁ దాఁకి కరఁగు మంచు చేయు చప్పుడే వానికి మధ్యాహ్నమును దెలిపినది. ఇది యాకర్షకమైన యుత్ప్రేక్షగా మాత్రమే పాఠములలోఁ జెప్పఁబడుచున్నది. మంచుదారుల నడచువారి కిది యనుభవము. వేకువను గట్టిగా నున్న మంచు మధ్యాహ్నమునకు మెత్తనగును. ఉదయమున మోకాలిలోఁతైన వాఁగు సాయంకాలమునకు దాఁటరాని దగును. మంచుచేఁ బట్టువడియున్న ఱాళ్లు పట్టుదప్పి దొరలును. అందుచేతనే వారు తెల్లవాఱకముందే బయలుదేఱి మధ్యాహ్నమునకు మజిలీ చేరఁజూతురు. ఆ చప్పుడు వినినంతనే నడచి వచ్చినవాఁడు తిరుగుదారిని దలఁచును. ప్రవరుఁడు మాధ్యాహ్నికమును దలఁచెను గాని తన పాదములను దలఁపలేదు. ఏ మంచు కరఁగి వానికిఁ బ్రొద్దు చెప్పినదో యా మంచే వాని పసరును గడిగివేసినది. పురాణమున లేపము మంచునీటఁ గరఁగెనను వార్త మాత్రమున్నది. పెద్దన దానికి ముందు మంచు కరఁగు చప్పుడును వినిపించి, కార్యమునకుఁ గారణమును సిద్ధపఱచెను. చెట్ల విషయమునఁ గొండ నెఱుఁగని కవి యనిపించుకొన్నవాఁడు మధ్యాహ్నవిషయమునఁ గొండ ధర్మమును దప్పక చెప్పెను.

పసరు కరఁగిన పిమ్మటనే ప్రవరునకు దూరమనునది మొదటిసారి తెలిసినది. అప్పటివఱకు వానికి హిమవంతము దృశ్యము, అప్పుడు దేశమైనది. తరువాతఁ గథలో వాఁడు మొట్టమొదట నడుగునదియు మార్గమే: వరూథినిఁ జూచి యూరికి దారి చెప్పుమని యడిగెను. ఆమె దారి తప్ప నన్నియుఁ జెప్పెను. తుదకుఁ బ్రవరుఁ డగ్నిని బ్రార్థించి, యగ్న్యనుగ్రహమున నింటికిఁ జేరెను. పోకయు రాకయు రెండును నడక లేనివే. కాని పోక మంచునకు నిలువని లేపముచే, రాక యెన్నఁడును విడువక సేవించిన యగ్నిచే. అగ్నితో వానికిఁ గల సంబంధము దినదినమును నెడతెగనిది. మార్గముతో లేని యత్యంతసంయోగము వానికిఁ గర్మతోఁ గలదు. ఆ ఫలమునకే తృతీయ చెల్లినది.

నడక మొదటినుండి తుదవఱకుఁ గల హిమవద్యాత్ర యొకటి తెలుఁగున నున్నది. అది తిక్కన మహాప్రస్థానము. అందు ద్రౌపదియు, సహదేవుఁడును, నకులుఁడును, నర్జునుఁడును, భీముఁడును దారిలో నొక్కొక్కరుగాఁ బడిపోయిరి. ధర్మరాజొక్కఁడు నడచి ముగించెను. ఎవ్వరు పడినను దానికొక కారణము చెప్పఁబడినది గావున నందలి ప్రతి క్రోశమును బరీక్షయే. ఆ నడక ముగియునది స్వర్గమున; ప్రవరుని రాక ముగిసినది గృహమున. రెంటిని బ్రక్కప్రక్కన నుంచి చదివినఁ బెద్దన యేమి విడిచెనో, యేల విడిచెనో విద్యార్థికి స్పష్టపడును.

ఇంత చెప్పుటచేఁ బెద్దన హిమవంతమును స్వయముగాఁ జూచెనని సిద్ధింపదు. చూచెననుట కాధారము లేదు. ఆ పద్యమునందలి నెమలి యెన్నటికిని గోముఖమున నాడదు. హిమవంతమైనను మార్పు లేనిది గాదు: 1935లో భూతత్త్వశాస్త్రజ్ఞుఁడగు ఆడెన్ గుర్తించిన చోటినుండి గోముఖపు మంచుగోడ యిప్పటికిఁ గిలోమీటరునకు మించి వెనుకకుఁ బోయినది. కావున దేశవిరోధమును బరీక్షించువారు కాలమును గూడఁ జూడవలెను. పాఠము చెప్పువారు కటకశబ్దమును గొండయని సామాన్యముగాఁ జెప్పి దాఁటిపోక దాని భాగమును జూపుట, కాళిదాసుని చెట్ల వరుసను బ్రక్క నుంచుట, మధ్యాహ్నపద్యమును లేపభంగముతోఁ గలిపి వ్యాఖ్యానించుట అవసరము. అప్పుడు పెద్దనను నిందించువారి వాదమునఁ గల సత్యమును విడువనక్కఱలేదు, పొగడువారి భక్తిని జులుకన సేయనక్కఱలేదు. దారి నడువనివానికిఁ గొండ యెట్లు కనఁబడునో యా పద్యము చెప్పుచున్నది. దారి లేమి యెంత వెల గొనునో తరువాతి కథ చెప్పుచున్నది.