ముందు గాలి, తర్వాత గుర్రాలు

ఫీనిక్స్ ఎండల గురించి మనవాళ్లకు పెద్దగా చెప్పక్కర్లేదు, రెంటచింతల ఎండ చూసినవాళ్లకు అసలే అక్కర్లేదు. 2023లో వరసగా 31 రోజులు 43 డిగ్రీలు దాటిన ఊరిది. ఇలాంటి చోట రేడియేటరే లేని ఇంజన్ బండి పెట్టుకోవడం ఒక తిక్క. ఆ ఇంజన్‌కి బలం చాల్లేదనుకోవడం రెండో తిక్క. నాకు రెండూ ఉన్నాయి.

మా గ్యారేజీలో ఉన్నది ట్రైక్. ముందు మోటార్‌సైకిల్ ఫోర్కు, దానికో చక్రం. వెనక ఫోక్స్‌వాగన్ బీటిల్ ఇంజన్, దాని గేర్‌బాక్సు, రెండు వెడల్పాటి టైర్లు. మధ్యలో కాసిని ఇనప గొట్టాలు, ఓ సీటు. 1960ల చివర్లో కాలిఫోర్నియాలో ఎడ్ రోత్ లాంటి కస్టమ్ బండ్ల కళాకారులు ఇలాంటివి కట్టి మోజు పెంచారు. పాత బీటిల్ వెనక భాగంలో ఇంజన్, గేర్లు, ఇరుసు అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి, దాన్ని ఊడదీసి ముందు ఒక చక్రం తగిలిస్తే సగం బండి తయారైనట్టే. మన దేశంలో ఈ వేషాలు కుదరవు. కంపెనీ ఇచ్చిన రూపానికి భిన్నంగా బండిని మార్చకూడదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ చెబుతోంది. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా అదే మాట గట్టిగా చెప్పింది.

ఈ ఇంజన్‌ని అందరూ 1600 అంటారు గానీ లెక్క కడితే 1,584 సీసీ. బోరు 85.5 మిల్లీమీటర్లు, స్ట్రోకు 69. నాలుగు సిలిండర్లు, అటు రెండు, ఇటు రెండు, పడుకోబెట్టినట్టు ఉంటాయి. జర్మన్ లెక్కలో దీని బలం 50 గుర్రాలు. 1930ల్లో మొదటి బీటిల్ ఇంజన్ గీసినవాళ్లు, రోజంతా యాక్సిలరేటర్ అడుగంటా తొక్కిపట్టినా చెడిపోకూడదని అనుకున్నారు. అందుకే కార్బురేటర్ చిన్నది పెట్టారు, గాలి లోపలికి వెళ్లే దారి సన్నగా ఉంచారు. ఇంజన్ ఎక్కువ ఊపిరి తీసుకోకుండా కావాలనే కట్టేశారన్నమాట. బలం పెంచడమంటే ఆ కట్టు విప్పడం. విప్పితే వేడి ఎటు పోవాలన్నది ఇప్పుడు మన తలనొప్పి. పెట్రోలులో ఉన్న శక్తిలో ఏ మూడో వంతో, అంతకన్నా తక్కువో చక్రాలకు అందుతుంది. మిగిలినదంతా వేడే. నీళ్లు లేవు కాబట్టి అందులో కొంత సైలెన్సర్ గుండా పోగా మిగతాది గాలి, ఆయిలు మోయాలి.

సీసీ పెంచే దారులు తెలిసినవే. 87 మిల్లీమీటర్ల పిస్టన్ సెట్ వేస్తే 1,641 అవుతుంది, లేత్ పని లేకుండా కూర్చుంటుంది. 88 కూడా అలాగే కూర్చుంటుంది కానీ సిలిండర్ గోడ పలచనైపోతుంది, వేడికి వంకర పోతుందని చెడ్డపేరు. 90.5 వేస్తే 1,776. దీనికి ఇంజన్ కేసునీ హెడ్డునీ బోరు చేయించాలి. 94 పిస్టన్లకు 82 స్ట్రోకు క్రాంకు జోడిస్తే ఏకంగా 2,276. ఆ క్రాంకు తిరగడానికి కేసు లోపల గీకి చోటు చేయాలి. కేసు మెగ్నీషియం మిశ్రమం. తేలిగ్గా ఉంటుంది, వేడెక్కేకొద్దీ మెత్తబడుతుంది. హెడ్డు బిగించే స్టడ్డులు అందులోంచి మరలతో సహా ఊడివచ్చిన ఇంజన్లు ఈ ఊళ్లో చాలా చూశాను. నేను 1,776 దగ్గర ఆగాను.

కూతురి దగ్గరికి అమెరికా వచ్చిన మా బావమరిది ఓ ఆదివారం మా ఇంటికొచ్చాడు. విజయవాడ ఆటోనగర్‌లో చేతులు నల్లబడిన మనిషి. నేను కొత్త పిస్టన్లు, జంట కార్బురేటర్లు బల్ల మీద పేర్చి చూపిస్తుంటే ఆయన వాటి వంక చూడనే లేదు. బండి కిందికి దూరాడు. "బావగారూ, ఈ ఇంజన్ రేకులేవీ?" అన్నాడు. బండి అమ్మినవాళ్లు మెరుపు కోసం సగం రేకులు పీకేశారు. "చేతక్ ఫ్యాన్ కవరు తీసేసి బందరు దాకా నడపండి చూద్దాం. పవరు సంగతి తర్వాత, ముందు గాలి సంగతి చూడండి."

ఆయన చెప్పిందే అసలు విషయం. బీటిల్ ఇంజన్‌లో క్రాంకు పుల్లీ నుంచి బెల్టు జనరేటర్‌ని తిప్పుతుంది, జనరేటర్ ఇరుసు రెండో కొసకు ఫ్యాను. ఫ్యాను తోసిన గాలి పెద్ద డొప్పలోంచి దిగి, సిలిండర్ల చుట్టూ ఉన్న సన్నటి రెక్కల మధ్య దూరాలి. దాన్ని అలా దూర్చేవి పైనా కిందా ఉండే రేకులే. అవి లేకపోతే గాలి తేలిక దారి చూసుకుని పక్కకి పోతుంది. పైగా కారులో ఇంజన్ గది కింది నుంచి వేడిగాలి రాకుండా చుట్టూ రబ్బరు అంచు ఉంటుంది. ట్రైకులో అన్నీ బట్టబయలు. సైలెన్సర్ వేడినే ఫ్యాను మళ్లీ పీల్చుకుంటుంది. చూపు కోసం చిన్న క్రోమ్ పుల్లీ వేసేవాళ్లున్నారు. పుల్లీ చిన్నదైతే ఫ్యాను వేగం తగ్గుతుంది. ఫీనిక్స్‌లో అది ఆత్మహత్య.

పాత మోడళ్లలో ఇంకో చిక్కుంది. ఆయిల్ కూలర్ ఆ డొప్పలోపలే, సరిగ్గా మూడో సిలిండర్ గాలికి అడ్డంగా నిలబడుతుంది. అందుకే మూడోదే ముందు పోతుంది. 1971 మోడల్ నుంచి కంపెనీ కూలర్‌ని పక్కకి జరిపి విడిగా గూడు కట్టింది. దాన్ని డాగ్‌హౌస్ అంటారు. నా డబ్బులో మొదటి వాటా ఆ డొప్పకే పోయింది. రెండోది పాత బళ్ల నుంచి తీసిన అసలు రేకులకు, మూడోది ఆయిల్ ఫిల్టర్‌కి. కంపెనీ ఇచ్చింది ఓ జల్లెడ మాత్రమే, పట్టే ఆయిలు రెండున్నర లీటర్లు.

ఈ పనిలో నాకు ఎక్కువ ఇష్టమైనది హెడ్డు కొలవడం. హెడ్డుని తిరగేసి, స్పార్క్ ప్లగ్గు బిగించి, వాల్వుల అంచులకు కాస్త గ్రీజు రాసి, పైన చిల్లున్న అద్దపు పలక పెట్టి, బ్యూరెట్‌లోంచి రంగునీళ్లు చుక్కచుక్కగా వదలాలి. గాలిబుడగ పోయి గది నిండగానే ఆపి అంకె చదవాలి. నాలుగు గదులూ సమానం అయ్యేదాకా తక్కువ పట్టినదాన్ని గీకుతూ పోవాలి. నాకు 54 సీసీ వచ్చింది. పిస్టన్ పైన వదిలిన 1.27 మిల్లీమీటర్ల సందు ఇంకో 8 సీసీ. ఒక్కో సిలిండర్ 444. లెక్క చూస్తే కంప్రెషన్ 8.1 దగ్గర తేలింది. తొమ్మిదికి తీసుకుపో, ఇంకా లాగుతుందన్నారు ఇక్కడి మిత్రులు. మన ఎండకు వద్దన్నాను. ప్లగ్గు కింద సెన్సర్ పెట్టి చూస్తే హెడ్డు వేడి 200 డిగ్రీలు దాటి నిలవకూడదని ఈ పని తెలిసినవాళ్ల లెక్క. ఎక్కువ కంప్రెషన్‌తో ఆ గీత దాటడం నిమిషాల పని.

బలం పెరిగాక ట్రైకుకి మాత్రమే ఉండే గుణం ఒకటి బయటపడుతుంది. ఇంజన్ వెనక ఇరుసుకి ఆవల వేలాడుతుంది, బరువంతా అక్కడే. క్లచ్చు గబుక్కున వదిలితే ముందు చక్రం లేస్తుంది. లేచిన చక్రంతో మలుపు తిరగదు. ఇదివరకటి 50 గుర్రాలకు సరిపోయిన పాత డ్రమ్ బ్రేకులు ఇప్పుడు చాలవు, వెనక డిస్కులు వేయించాను. కామ్‌షాఫ్ట్ కూడా పై వేగాల్లో గర్జించేది కాకుండా, కింది నుంచే నిదానంగా లాగే రకం పెట్టాను. తేలికపాటి బండికి అదే నయం.

2,276 సీసీ ఇంజన్ ట్రైకులో పెట్టడం రోడ్డు మీద నడిపేవాళ్లకు శుద్ధ దండగ అని నా తీర్పు. పోటీలకు వెళ్లేవాళ్ల సంగతి వేరు. ఇక ఇక్కడున్న మన కుర్రాళ్లకు ఒక మాట. పాత బీటిల్ ఇంజన్ బండి కొనబోతే పెయింటు, క్రోమ్ చూసి మురిసిపోకండి. కిందికి వంగి రేకులన్నీ ఉన్నాయో లేవో టార్చి వేసి చూడండి. లేకపోతే ఆ మేరకు ధర తగ్గించి అడగండి.