స్కోర్‌షీట్ లేని ఆదివారం

బరంపురంలో ఆదివారం చెస్ టోర్నమెంటు అంటే పొద్దున్నే పేర్ల నమోదు, సాయంత్రానికి బహుమతులు. ఈ రెంటికీ మధ్య ఏడు రౌండ్లు పడాలి. 64 మంది వస్తే రౌండుకు 32 బోర్డులు, మొత్తం 224 ఆటలు. బోర్డులు చుట్టేసి, గడియారాలు డబ్బాలో సర్దేసరికి చేతిలో మిగిలేది పాయింట్ల పట్టిక ఒక్కటే. ఎవరు ఎవరిని ఓడించారో అందులో ఉంటుంది. ఎలా ఓడించారో ఉండదు.

నిర్వాహకులను తప్పుపట్టడానికి లేదు. అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే నిబంధనల్లోనే ఎత్తులు రాయనక్కర్లేని వెసులుబాటు ఉంది. ఒక్కో ఆటగాడికి గంట, ఆపైన సమయం ఇచ్చే ఆటల్లో ప్రతి ఎత్తునూ స్కోర్‌షీట్ మీద రాసి తీరాలి. పది నిమిషాలకు పైన, గంటకు లోపల ఉంటే అది ర్యాపిడ్. అందులో రాయమని ఎవరూ బలవంతపెట్టరు. ఒక్క రోజుకు తీసుకున్న హాల్లో ఏడు రౌండ్లు ముగించాలంటే ర్యాపిడ్ తప్ప దారి లేదు. అటు ఛత్రపురం నుంచి, ఇటు ఇచ్ఛాపురం నుంచి పిల్లల్ని వెంటబెట్టుకొచ్చిన తల్లిదండ్రులు చీకటిపడేలోగా బస్సో రైలో అందుకోవాలి కదా.

అయితే ఆట అయిపోయాక వరండాలో ఒకసారి నిలబడి వినాలి. సగం తెలుగు, సగం ఒడియా.

“అన్నా, అక్కడ గుర్రం వెనక్కి తీసుంటే నేను పోయేవాణ్ణి.”

“వెనక్కి ఎలా తీస్తానురా, నీ శకటు కాచుకుని ఉంటే?”

“శకటు అప్పటికి రాలేదన్నా!”

ఇద్దరూ గంట క్రితం ఆడిన ఆటే. శకటు వచ్చిందో లేదో తేల్చే సాక్ష్యం మాత్రం లేదు. జ్ఞాపకం మీద ఆడే ఆటలో ఓడినవాడు ఒక్క ఎత్తు దూరంలో గెలుపు పోగొట్టుకుంటాడు, గెలిచినవాడు మొదటినుంచీ గెలుస్తూనే ఉంటాడు. నిజంగా తప్పు జరిగిన చోటు ఇద్దరికీ దొరకదు. వచ్చే ఆదివారం అదే తప్పు మరో బోర్డు మీద మళ్లీ పడుతుంది.

రాసిపెట్టిన ఆటకు ఎంత ఆయుష్షుంటుందో తెలియాలంటే 1855 నాటి కలకత్తాకు వెళ్లాలి. అక్కడ జాన్ కోక్రేన్ అనే స్కాటిష్ బారిస్టర్‌కు చెస్ పిచ్చి. మొఫసిల్‌లో ఓటమి ఎరగడని పేరున్న ఒక బ్రాహ్మణుడు ఆయనకు ప్రత్యర్థిగా దొరికాడు. ఆయన పేరు మహేశ్‌చంద్ర బెనర్జీ. దేశీ పద్ధతిలో ఆట నేర్చుకున్న మనిషి. మన పాత ఆటలో బంటుకు మొదటి ఎత్తులో రెండు గడులు దూకే హక్కు లేదు. అందుకేనేమో, మధ్య గడుల మీదికి ఉరకకుండా, రాజు పక్క బంటును ఒక్క గడి జరిపి, వెనక శకటును నిలబెట్టి, దూరం నుంచి కాసుకోవడం ఆయనకు అలవాటు.

ఆ ఏడాది మే నెలలో కోక్రేన్‌తో నల్లపావులతో ఆడిన ఒక ఆటలో ఆయన మొదటి ఎత్తులో గుర్రాన్ని బయటికి తీశాడు, రెండో ఎత్తులో జి బంటును ఒక గడి జరిపాడు, మూడో ఎత్తులో డి బంటుతో తెల్లవాళ్ల మధ్యభాగాన్ని ఢీకొన్నాడు. తర్వాత సి బంటు కూడా వచ్చి పడింది. ఈ వరసను ఇవాళ ప్రపంచమంతా గ్రున్‌ఫెల్డ్ డిఫెన్స్ అంటోంది. వియన్నాకు చెందిన ఎర్న్‌స్ట్ గ్రున్‌ఫెల్డ్ దాన్ని పెద్ద పోటీల్లోకి తెచ్చింది 1922లో. 1986లో కార్పోవ్‌తో ప్రపంచ టైటిల్ పోరులో కాస్పరోవ్ నమ్ముకున్నదీ దీన్నే.

చిత్రమేమిటంటే, ఆ ఆటలో మహేశ్‌చంద్ర ఓడిపోయాడు. పదిహేడో ఎత్తులో ప్రత్యర్థి శకటును కొట్టి, పద్దెనిమిదో ఎత్తులో గుర్రంతో మంత్రి మీదికి పోయాడు. ఈలోపు కోక్రేన్ గుర్రం ఎఫ్7లో దిగింది. అక్కణ్ణుంచి మూడు ఎత్తుల్లో ఆటకట్టు: గుర్రం తప్పుకుంటూ మంత్రితో కలిసి రెండువైపులా చెక్ ఇస్తుంది, రాజు మూలకు పోతే మంత్రి తననే బలి ఇచ్చుకుంటుంది, దాన్ని చంపిన ఏనుగు తన రాజుకే దారి మూసేస్తుంది, గుర్రం మళ్లీ ఎఫ్7కి వచ్చి పని ముగిస్తుంది. ఓడిన ఆటే అయినా ఒక ప్రారంభ వరసకు తొలి సాక్ష్యంగా పుస్తకాల్లోకెక్కింది. కారణం ఒక్కటే. కోక్రేన్ ఎత్తులు రాసి ఉంచే మనిషి. ఆ అలవాటు లేకపోతే మహేశ్‌చంద్ర పేరు ఇవాళ ఎవరికీ తెలిసేది కాదు.

బరంపురానికి ఇంకాస్త దగ్గరి ఉదాహరణా ఉంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడేదాకా బరంపురం ఉన్న గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. ఆ మద్రాసుకూ హైదరాబాదుకూ మధ్య ఉత్తరాల మీద రెండు ఆటల పోటీ నడిచింది. మద్రాసు పక్షాన ఆట నడిపించిన గులాం కాసిం, సివిల్ సర్వీసు ఉద్యోగి జేమ్స్ కోక్రేన్‌తో (కలకత్తా కోక్రేన్ కాదు) కలిసి ఆ ఆటలను, మ్యూజియో గాంబిట్ అనే ప్రారంభ వరస విశ్లేషణను 1829లో పుస్తకంగా తెచ్చాడు. ఉత్తరాల ఆటలో రాయకుండా ఎత్తు వేసే వీలే లేదు. అందుకే దాదాపు రెండు శతాబ్దాల తర్వాత కూడా ఆ రెండు ఆటలను బోర్డు మీద పెట్టి చూడొచ్చు. మొన్నటి ఆదివారం నాటి 224 ఆటలను చూడలేం.

ఈ ప్రాంతపు మరో ఆట గంజపాది వేరే దారి. గుండ్రటి పేకలు, వాటి మీద చిత్రకారులు రంగులతో వేసిన రాజు, మంత్రి. ఎనిమిది రంగుల కట్టలో 96, పది రంగుల కట్టలో 120. పడిన పేకలన్నీ గుర్తుంచుకోవడమే అందులో నేర్పు. ఆట ముగిశాక ఆ లెక్క తలలోంచి తుడిచేసుకోవాలి, లేకపోతే తర్వాతి ఆటకు అడ్డం. అక్కడ మరుపు కూడా పనికొస్తుంది. చదరంగంలో పనికిరాదు.

రాయడమూ ఒక పనితనమే. పాత తరంలో కొందరు ఎత్తును ముందు కాగితం మీద రాసి, ఒకసారి సరిచూసుకుని, ఆ తర్వాతే పావును కదిపేవారు. సోవియట్ గ్రాండ్‌మాస్టర్ కోటోవ్ తన పుస్తకంలో ఈ పద్ధతిని గట్టిగా సిఫారసు చేశాడు. ఆ చిన్న విరామంలోనే బోలెడు పొరపాట్లు దొరికిపోతాయన్నది ఆయన వాదన. 2005 జులై నుంచి ఫిడే దాన్ని ఆపేసింది; ముందు ఎత్తు వేయాలి, ఆ తర్వాతే రాయాలి. ఇంకో ప్రయోజనం అందరికీ తెలిసిందే: ఒకే స్థితి మూడుసార్లు వచ్చిందని డ్రా అడిగితే ఆర్బిటర్ ముందు చూసేది స్కోర్‌షీట్‌నే.

ర్యాపిడ్‌లో రాయరు కాబట్టి ఆటలు పోవాల్సిందేనా? 2024 డిసెంబరులో న్యూయార్క్‌లో కోనేరు హంపి రెండోసారి ప్రపంచ మహిళల ర్యాపిడ్ టైటిల్ గెలిచినప్పుడు 11 రౌండ్లలో ఆమె వేసిన ఎత్తులను బోర్డులోని సెన్సర్లే పట్టుకున్నాయి. అదే నెల సింగపూర్‌లో ప్రపంచ టైటిల్ కోసం గుకేశ్, డింగ్ లిరెన్ ఆడిన పద్నాలుగో ఆటలో 55వ ఎత్తున డింగ్ ఏనుగు తప్పు గడిలోకి వెళ్లడాన్ని లక్షల మంది అప్పటికప్పుడే చూశారు. ఏనుగులు, శకట్లు మారిపోయి బంట్ల ఆట మిగిలింది. 58వ ఎత్తుకు డింగ్ చేతులెత్తేశాడు. అలాంటి బంట్ల ముగింపులు బరంపురం హాల్లోనూ ప్రతి రౌండులో ఒకటో రెండో పడతాయి. పిల్లలు సింగపూర్ ఆట కంఠతా చెబుతారు, తమ ఆట చెప్పలేరు.

ఒడిశాకు గ్రాండ్‌మాస్టర్లు లేక కాదు. దేబాశిష్ దాస్, స్వయంస్ మిశ్రా ఉన్నారు. 2014 నుంచి 2017 దాకా వరుసగా నాలుగేళ్లు జాతీయ మహిళా టైటిల్ గెలిచిన పద్మిని రౌత్ ఉంది. వాళ్ల ఆటలు వందల కొద్దీ డేటాబేసుల్లో దొరుకుతాయి. వాళ్లను చూసి బోర్డు ముందు కూర్చున్న పిల్లలకు తమ సొంత ఆటల దస్తా ఒకటి కావాలి. దానికి సెన్సర్ బోర్డులేం అక్కర్లేదు. రౌండు ముగిసిన వెంటనే, జంటలు మళ్లీ పడేలోగా, నోటుబుక్కులో తిరగరాసుకోవచ్చు. మొదటి పది ఎత్తులు అలవాటైన వరసే కనుక సులువు. ఆ తర్వాత పావులు చచ్చిన చోట్లను గుర్తులుగా పెట్టుకుని నడవాలి. చిక్కుపడితే ఆఖరి స్థితి నుంచి వెనక్కి రావాలి. ఎదుటివాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుంటే శకటు తగాదా అక్కడికక్కడే తీరుతుంది.

నిర్వాహకులు చేయగలిగిందీ ఒకటుంది. చివరి రెండు రౌండ్లలో పై రెండు బోర్డుల పక్కన ఎత్తులు రాసే మనిషిని ఒక్కొక్కరిని కూర్చోబెడితే నాలుగు ఆటలు దక్కుతాయి. ఆ రౌండ్లకు ముందే పోటీలోంచి తప్పుకున్న పిల్లలు హాల్లో ఖాళీగానే తిరుగుతుంటారు. వాళ్లకు నొటేషన్ వచ్చు, పెన్నూ ఉంటుంది.