స్మృతియు సంస్కారమును: నవీన మనశ్శాస్త్ర పరీక్షలపై నొక విమర్శనము

మనశ్శాస్త్రమును దెలుఁగున వివరించు గ్రంథములును వ్యాసములును నిటీవలఁ బెక్కులు వెలువడుచున్నవి. సంతోషింపఁదగిన విషయమే. కాని వానిలోఁ బెక్కింట నొక లోపము గానవచ్చుచున్నది. సిద్ధాంతము ముందు ఘనముగాఁ జెప్పఁబడును. దానికి మూలమైన పరీక్ష యెక్కడనో యొక మూల దృష్టాంతముగా నుదాహరింపఁబడును, లేదా బొత్తిగా విడువఁబడును. సూత్రమును జెప్పి ప్రయోగమును జూపని వ్యాకరణమువలె నిది యున్నది. లక్ష్యము నెఱుఁగని లక్షణమునకు విలువ యెంతయో పండితులకు వేఱుగఁ జెప్పఁబనిలేదు. స్మృతివిషయమున జరిగిన కొన్ని పరీక్షలను గైకొని, వానినుండి సిద్ధాంతము లెట్లు పుట్టినవో, యెంతవఱకు నిలిచినవో, మన తార్కికుల మతముతో నెక్కడఁ గలిసి యెక్కడ విడిపోయినవో పరిశీలించుట యిక్కడ నా యుద్దేశము.

తర్కసంగ్రహము చదివిన ప్రతి బాలుఁడు నీ ప్రక్రియ నెఱుఁగును. అనుభవము సంస్కారమును బుట్టించును. ఆ సంస్కారము మేల్కొనినపుడు స్మృతి కలుగును. ప్రమవలనఁ బుట్టిన స్మృతి యథార్థము. అప్రమవలనఁ బుట్టినది యయథార్థము. అనఁగా స్మృతి తప్పైనచో నా తప్పు మూలానుభవమునందే యుండవలయును. చూచుట సరిగా నున్నచో స్మరించుటయు సరిగా నుండును. లేనిచో మఱపు వచ్చును. అన్నంభట్టు చేసిన యీ విభాగమును నేనును బెక్కేండ్లు సందేహము లేక పాఠము చెప్పితిని.

స్మృతి కొలతకు లోనైనది 1885లో. ఆ యేఁట జర్మనీలో హెర్మన్ ఎబింగ్‌హౌస్ తన గ్రంథమును బ్రకటించెను. ఆయన యర్థము లేని యక్షరకూటములను దాదాపు 2300 కల్పించి, తానే పరీక్షకుఁడును దానే పరీక్ష్యుఁడునై వానిని వల్లించి, కొంతకాలము గడచిన పిమ్మట మరల వల్లించుటలో శ్రమ యెంత కలిసివచ్చెనో లెక్కించెను. ఇరువది నిమిషముల పిదప నూటికి 58 పాళ్లు, గంట పిదప 44, ఒక దినము పిదప 34, ముప్పదియొక్క దినముల పిదప 21 పాళ్లు కలిసివచ్చినవి. మఱపు తొలుత వడిగాను, పిదప మందముగాను నడచునని తేలినది. ముర్రే, డ్రోస్ అనువా రీ పరీక్షనే మరలఁ జేసి 2015లోఁ బ్రకటింపఁగా నించుమించుగా నదే రేఖ వచ్చినది. ఒక్క మనుష్యుఁడు తనపైఁ దాను జేసికొనిన పరీక్ష నూటముప్పది యేండ్లకును జెక్కు చెదరలేదు. అన్నింటికి నిట్టి భాగ్యము లేదు. ఆ 2015లోనే యీ శాస్త్రమునకుఁ జెందిన 100 పరీక్షలను బలువురు గూడి మరలఁ జేయఁగా, మూలమున 97 సార్థకములని ప్రకటింపఁబడియుండఁగా, ఈసారి నూటికి 36 మాత్రమే నిలిచినవి. సిద్ధాంతముతోఁ బాటు పరీక్షను గూడఁ జూపవలెనని నేను పట్టుపట్టుట కిది యొక కారణము.

అర్థము లేని యక్షరములను వల్లించుట స్మృతియా యని యాక్షేపించినవాఁడు కేంబ్రిడ్జిలోని ఫ్రెడరిక్ బార్ట్‌లెట్. ఆయన యుత్తర అమెరికా ఖండపు టాదివాసుల కథ నొకదానిని నాంగ్లేయులచేఁ జదివించి, కొంత కాలమునకు మరలఁ జెప్పించి, 1932 నాఁటి గ్రంథమున దాని ఫలితములను వెల్లడించెను. కథ చిన్నదైనది, వింతయైన ఘట్టములు జాఱిపోయినవి, కారణము చెప్పఁబడని చోట్లఁ జదువరులే కారణములను గల్పించిరి, ఆదివాసుల దోనె యాంగ్లేయుల పడవగా మాఱెను. కాఁబట్టి స్మరించుట యనఁగా దాఁచిన సొమ్మును దీయుట కాదు, శిథిలమైన యింటిని మరలఁ గట్టుటయని యాయన నిర్ణయించెను. ఆయన పరీక్షలలో సంఖ్యలు తక్కువ, నియమము సడలినది. ఈ దోషము నొప్పుకొనక తప్పదు. అయినను 1999లో బెర్గ్‌మన్, రోడిగర్ అనువారు నియమముతో మరలఁ జేసినపుడు ముఖ్యాంశము స్థిరపడినది.

ఇక్కడ వైయాకరణునకు సహజముగాఁ దోఁచు ప్రశ్న యొకటి యున్నది. ఇది యుత్సర్గమా, దీనికి నపవాదము గలదా? కోనసీమలో ఘనపాఠిని గూర్చుండఁబెట్టి యొక పనసను జెప్పుమన్నచో, నాయన దానిని గట్టఁడు. ఉన్నది యున్నట్టు పలుకును. పద క్రమ జటా ఘన పాఠములు పదములను ముందు వెనుకలుగాఁ ద్రిప్పి త్రిప్పి స్వరమైనను దప్పకుండఁ గాచు కంచెలు. కథను స్మరించువానికి నర్థము ప్రధానము, పదము తొలఁగిపోవును. వేదమును స్మరించువానికిఁ బదముల యానుపూర్వియే ప్రధానము. బార్ట్‌లెట్ సిద్ధాంతము మొదటిదానికిఁ జెల్లును. రెండవదానిపై దానిని రుద్దుట యపవాదవిషయమున నుత్సర్గమును బ్రవర్తింపఁజేయుట. ఇట్టి వేదపండితుల 21 మంది మెదళ్లను దక్కిన 21 మంది మెదళ్లతోఁ బోల్చి జేమ్స్ హార్ట్‌జెల్ ప్రభృతులు 2016లో నొక పరిశోధనమును బ్రకటించిరి. భాషకును స్మృతికిని సంబంధించిన కొన్ని భాగములలో భేదము కనఁబడినది. దీనిని జూచి మంత్రము చదివినచో మెదడు పెరుఁగునని కొందఱు వ్రాసిరి. పరీక్ష యంత మాట చెప్పలేదు. అధ్యయనమువలన మెదడట్లైనదో, అట్టి మెదడు గలవారే యధ్యయనమున నిలిచిరో యీ పోలికవలనఁ దేలదు. సాహచర్యమును గార్యకారణభావముగా గ్రహింపరాదని మన తర్కమే నేర్పుచున్నది గదా.

నా దృష్టిలో నన్నింటికంటె విలువైన పరీక్ష 1974 నాఁటిది. ఎలిజబెత్ లాఫ్టస్, జాన్ పామర్ అనువారు చేసినది. (పేరు పామర్, పని పండితునిది.) 45 మంది విద్యార్థులకుఁ గార్ల ప్రమాదముల చలనచిత్రములను జూపి, కార్లెంత వేగమునఁ బోవుచుండెనని యడిగిరి. ప్రశ్న యందఱి కొక్కటియే. క్రియాపదము మాత్రము భేదించినది. ఒకటి కొకటి ‘తాఁకినపుడు’ అని యడిగినవారికి సగటున గంటకు 31.8 మైళ్లని జవాబు వచ్చినది. ‘కొట్టుకొనినపుడు’ అన్నచో 34.0; ‘ఢీకొనినపుడు’ అన్నచో 39.3, ‘నుగ్గగునట్లు గుద్దుకొనినపుడు’ అన్నచో 40.8. ధాతువునకు ఫలమును వ్యాపారమును రెండు నర్థములని కౌండభట్టాదులు చెప్పిన మతము నెఱిఁగినవాఁ డిది చూచి యాశ్చర్యపడఁడు. తాఁకుటయందు ఫలము సంయోగమాత్రము. నుగ్గగుటయందు ఫలము భంగము. ప్రశ్నించినవాఁడు ఫలమును దెలియకయే చేతిలోఁ బెట్టినాఁడు. జవాబు చెప్పినవాఁడు దానికిఁ దగిన వేగమును జేర్చినాఁడు.

ఇంతటితో ముగిసినచో నాక్షేపమునకుఁ జోటుండెడిది. స్మృతి మాఱలేదు, జవాబు మాత్రమే పదము వైపు మొగ్గినదని పూర్వపక్షి యనవచ్చును. ఆ పరీక్షకులే యీ పూర్వపక్షమును గ్రహించి రెండవ పరీక్షను జేసిరి. వారిని మెచ్చుకొనవలసిన దిక్కడ. 150 మందికి నొక చిత్రమును జూపి, యేఁబదిమందిని ‘కొట్టుకొనినపుడు’ అనియు, నేఁబదిమందిని ‘నుగ్గగునట్లు’ అనియు నడిగి, తక్కిన యేఁబదిమందిని వేగమును గూర్చి యడుగక విడిచిరి. వారము గడచిన పిమ్మటఁ బగిలిన గాజును జూచితిరాయని యందఱి నడిగిరి. చిత్రమున గాజు లేదు. చూచితిమన్నవారు వరుసగా 7, 16, 6 గురు. చూచినపుడు లేని దోషము వారము నాఁటికి స్మృతిలోఁ బుట్టినది. మూలానుభవము ప్రమయే, స్మృతి మాత్ర మయథార్థము. అన్నంభట్టు విభాగమున దీనికిఁ జోటెక్కడ? ఇది స్మృతియే కాదు, ప్రశ్నవలనఁ గలిగిన విపర్యయమని తార్కికుఁడు సమాధానము చెప్పవచ్చును. కాని చెప్పువాఁడు దానిని స్మృతిగానే యనుభవించుచున్నాఁడు. లోపలినుండి రెంటికి భేదము గానరాదు. మన గ్రంథములలో నన్నియు నున్నవని తృప్తిపడువారు దీనిని శాంతముగా నాలోచింపవలెను.

వాద మక్కడ నాగలేదు. 1985లో మెక్లాస్కీ, జరగోజా మరియొక మార్గమునఁ బరీక్షించిరి. బొమ్మలో సుత్తిని జూపి, పిదపఁ జదివించిన వృత్తాంతమున దానిని స్క్రూడ్రైవరని చెప్పిరి. సుత్తియా, స్క్రూడ్రైవరాయని యడిగినచోఁ దప్పు జవాబులు హెచ్చినవి. సుత్తియా, రెంచియాయని యడిగినచో, మోసపుచ్చఁబడినవారును గానివారును సమానముగా జవాబు చెప్పిరి. అనఁగా సుత్తిని గూర్చిన సంస్కారము చెడలేదు. పై సంస్కార మొకటి దానిప్రక్కఁ జేరినది. 1989లో లిండ్సే, జాన్సన్ దీనికిఁ దోడుగా నింకొకటి చూపిరి: చూచినదా, చదివినదాయని మూలమును నిలఁదీసి యడిగినచోఁ బొరపాటు తొలఁగిపోయెను. దీనిని జదివినపుడు నాకుఁ బ్రాభాకరుల స్మృతిప్రమోషము తలఁపునకు వచ్చినది. శుక్తిని జూచి రజతమనువానికి నున్నవి రెండు జ్ఞానములే. వాని భేదమును గ్రహింపకపోవుటయే భ్రమయని వారి మతము. పోలిక యున్నది, నిజమే. కాని యక్కడఁ బ్రత్యక్షమునకును స్మృతికిని భేదము దెలియదు; ఇక్కడ రెండు స్మృతుల పుట్టుక దెలియదు. కాఁబట్టి చంకలు గుద్దుకొనఁబనిలేదు. ప్రాభాకరులును నైయాయికులును శతాబ్దములు వాదించిరి. ఏ మతము నిలుచునో తేల్చుటకు సుత్తిని, రెంచిని దెచ్చినవారు మాత్రము లేరు.

నా యనుభవ మొకటి చెప్పెదను. బహిరంగ పరిభాషకు నొక చక్కని యుదాహరణమును మా గురువుగారు చెప్పిరని నేను శిష్యులకు ముప్పది యేండ్లు చెప్పుచు వచ్చితిని. ఆయన కంఠధ్వనితో సహా నాకుఁ దోఁచెడిది. మొన్న పాత వ్రాఁతపుస్తకమును విప్పి చూడఁగా, దాని యంచున నా వ్రాఁతతోనే ‘సహాధ్యాయి చెప్పినది’ అని యున్నది. ఉదాహరణము పోలేదు; చెప్పినవాఁడు మాఱినాఁడు.

ఇది పండితుని పరిహాసముతో ముగియు విషయము గాదు. అమెరికా దేశమున డీఎన్‌ఏ పరీక్షచే నిర్దోషులని తేలి చెఱ విడిచినవారిలో సగమునకుఁ బైఁబడినవారి విషయమున సాక్షుల పొరపాటు గుర్తింపు కారణమయ్యెను. వారిలోఁ బెక్కురు బొంకినవారు గారు. మన దేశమున 1872 నాఁటి సాక్ష్య శాసనమును, దాని స్థానమున 2024 జులై 1 నుండి యమలైన సాక్ష్య అధినియమమును, సాక్షిని బిలిచినవారే మొదట విచారించునపుడు జవాబును సూచించు ప్రశ్నలను బ్రతిపక్షి యాక్షేపించినచోఁ గోర్టు సెలవు లేక యడుగరాదని విధించుచున్నవి. కోర్టులో నీ కంచె యున్నది. కోర్టుకు రాకముందు వీధిలోను, ఠాణాలోను, బంధువుల నడుమను నడిగిన ప్రశ్నల మాట యేమి?

పరిభాషను గూర్చి యొక్క మాట. తెలుఁగు గ్రంథకర్తలు కొందఱు స్మృతి యనియుఁ, గొందఱు జ్ఞాపక మనియు వ్రాయుచున్నారు. వ్యాకరణమున జ్ఞాపక మనఁగా నొక విషయమును సూచించునది. అది సూచించు నంతమాత్రమున నన్నిచోట్లఁ బ్రవర్తించునని వైయాకరణుఁ డొప్పుకొనఁడు. తెలుఁగువారు స్మృతికి నీ పేరు పెట్టుట వట్టి యాదృచ్ఛికమే కావచ్చును గాని, పై పరీక్షలను జదివిన పిమ్మట నా కీ పదమే మేలని తోఁచుచున్నది.

లాఫ్టస్ పరీక్షను దెలుఁగున జేయుటకుఁ బెద్ద వ్యయము గాదు. తగులు, రాచుకొను, గుద్దుకొను, ఢీకొను అను మన ధాతువులలో ఫలభేదము స్పష్టముగా నున్నది. ఒక చిన్న చలనచిత్రమును దరగతిలోఁ జూపి, సగముమందికి నొక క్రియను, దక్కినవారికి వేఱొక క్రియను వాడి యడిగి, వారము తరువాత మరలఁ బ్రశ్నింపవచ్చును. పాఠశాలా పండితు లెవరైనఁ బూనుకొనినచో, నడిగిన వాక్యములను నక్షరము మార్పక, వచ్చిన సంఖ్యలను గూడిక దప్పక పత్రికకుఁ బంపఁ బ్రార్థన. ప్రశ్నలను మాత్రము నాఁడే కాగితముపై వ్రాసి పెట్టుకొనవలయును.