మూలమూ వ్యాఖ్యా: టెలివిజన్ ఫుట్‌బాల్ ప్రసారంలో ముఖ్య దృశ్యాలు, విశ్లేషణ

వ్యాస సంగ్రహం:

టెలివిజన్‌లో ఫుట్‌బాల్ ఆట ప్రేక్షకుడికి ప్రధానంగా రెండు రూపాల్లో అందుతుంది. ఒకటి ఆటలోని ముఖ్య దృశ్యాల కూర్పు (హైలైట్స్). రెండవది ఆ దృశ్యాలపై మాజీ క్రీడాకారులు చేసే విశ్లేషణ. మొదటిది మూలమనీ, రెండవది దానికి తగిలించిన అదనపు మాటలనీ ఒక అభిప్రాయం బలంగా ఉంది. బ్రిటన్‌లో బి.బి.సి. ప్రసారం చేసే ‘మ్యాచ్ ఆఫ్ ది డే’ కార్యక్రమాన్ని, ముఖ్యంగా 2023 మార్చి 11 నాటి ప్రసారాన్ని ఆధారంగా చేసుకొని ఈ వ్యాసం ఆ అభిప్రాయాన్ని పరిశీలిస్తుంది. దృశ్యాల కూర్పు కూడా ఒక వ్యాఖ్యానమేననీ, విశ్లేషణ విలువ ఆ కూర్పు విడిచిపెట్టినదాన్ని చూపడంలో ఉందనీ ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: ఫుట్‌బాల్, టెలివిజన్, హైలైట్స్, విశ్లేషణ, మూలం, వ్యాఖ్యానం, ఆప్తవాక్యం.

1. ఉపోద్ఘాతం

‘పండితుడు’ అనే మాట మన దేశం నుంచి ఇంగ్లీషులోకి వెళ్లి ‘పండిట్’ అయింది. నేటి బ్రిటన్‌లో ఆ మాటకు ఉన్న వాడుకల్లో ఒకటి, స్టూడియోలో కూర్చొని ఆటను విప్పి చెప్పే మాజీ క్రీడాకారుడు అనేది. మన సంప్రదాయంలో పండితుడి ముందు ఒక గ్రంథం ఉంటుంది. స్టూడియో పండితుడి ముందు ఉండేది కొన్ని నిమిషాల దృశ్యం. గ్రంథానికీ వ్యాఖ్యానానికీ మధ్య సంబంధం గురించి అలంకారశాస్త్రం, వ్యాఖ్యాన సంప్రదాయం వేసిన ప్రశ్నలు ఇక్కడ కూడా వేయవచ్చు. వ్యాఖ్య లేకుండా మూలం అర్థమవుతుందా? మూలాన్ని కప్పివేసే వ్యాఖ్యను ఎలా గుర్తించాలి? అసలు మూలమని అనుకుంటున్నది నిజంగా మూలమేనా?

ఈ ప్రశ్నలకు వాడుకలో ఉన్న జవాబు సులువైనది. మాటలు తగ్గించి ఆటను చూపించాలన్నది ప్రేక్షకుల నుంచి తరచుగా వినిపించే కోరిక. దృశ్యం నిజం, మాట అభిప్రాయం అనే విభజన ఈ కోరికకు పునాది. ఈ విభజన నిలుస్తుందా లేదా అన్నది ఈ వ్యాసంలోని పరిశీలనాంశం.

2. కార్యక్రమ నేపథ్యం

‘మ్యాచ్ ఆఫ్ ది డే’ తొలి ప్రసారం 1964 ఆగస్టు 22న బి.బి.సి. రెండవ ఛానెల్‌లో జరిగింది. ఆన్‌ఫీల్డ్ మైదానంలో లివర్‌పూల్ జట్టు ఆర్సెనల్‌ను 3–2 తేడాతో ఓడించిన ఆట అది. వ్యాఖ్యాత కెన్నెత్ వోల్‌స్టెన్‌హోమ్. ఆ రోజు చూపింది ఒకే ఒక ఆట. కార్యక్రమం పేరులోని ఏకవచనం అప్పటి సంగతే. ఇప్పుడు అదే పేరుతో శనివారం జరిగిన ప్రీమియర్ లీగ్ ఆటలన్నింటి దృశ్యాలనూ చూపుతున్నారు.

ఈ కార్యక్రమానికి ఉన్న ప్రాధాన్యానికి ఒక ప్రత్యేక కారణం ఉంది. ఇంగ్లండ్‌లో శనివారం మధ్యాహ్నం 2.45 నుంచి 5.15 వరకు ఫుట్‌బాల్ ప్రత్యక్ష ప్రసారాలపై నిషేధం ఉంది. మైదానాలకు వచ్చే జనం తగ్గకూడదన్నది దాని ఉద్దేశం. మూడు గంటలకు మొదలయ్యే ఆటలను ఆ దేశంలో మైదానానికి వెళ్లినవారు తప్ప ఇతరులు ప్రత్యక్షంగా చూడలేరు. మిగిలిన ప్రత్యక్ష ప్రసారాల్లో ఎక్కువ భాగం చందా కట్టినవారికే అందుతాయి. అందువల్ల చాలామంది ప్రేక్షకులకు రాత్రి చూసే కొద్ది నిమిషాల కూర్పే ఆ ఆట. అందులో లేనిది వారి దృష్టిలో జరగనట్లే.

విశ్లేషకుల బృందం ప్రాధాన్యంలోకి వచ్చింది 1970 ప్రపంచ కప్ సమయంలో. ఐ.టి.వి. ఛానెల్ మాల్కమ్ ఆలిసన్, డెరెక్ డూగన్, పాట్ క్రెరాండ్, బాబ్ మెక్‌నాబ్‌లను ఒకచోట కూర్చోబెట్టి వాదించుకోనిచ్చింది. ఆటతో పాటు ఆట గురించిన వాదన కూడా చూడదగినదేనని ఆ ప్రయోగం నిరూపించింది. 1973లో జిమ్మీ హిల్ బి.బి.సి.కి మారిన తరువాత ‘మ్యాచ్ ఆఫ్ ది డే’లో కూడా విశ్లేషణ స్థిరపడింది.

3. కూర్పు కూడా వ్యాఖ్యే

తొంభై నిమిషాల ఆటను కొద్ది నిమిషాలకు కుదించేటప్పుడు ఏది ఉంచాలి, ఏది తీసివేయాలి అన్న నిర్ణయం తప్పదు. గోల్స్, గోల్‌కీపర్ ఆపిన బంతులు, రిఫరీ చూపిన కార్డులు, వివాదాస్పద నిర్ణయాలు ఉంటాయి. బంతి లేనిచోట జరిగేది పోతుంది. ప్రత్యర్థికి దారి ఇవ్వకుండా నిలబడిన రక్షకుడి పని దృశ్యంగా మారదు. అతడు బాగా ఆడినందువల్లనే అక్కడ చూపదగిన ప్రమాదమేదీ జరగలేదు. అదే రక్షకుడు ఒక్కసారి పొరపడితే ఆ క్షణం తప్పకుండా కూర్పులోకి వస్తుంది. ఈ విధంగా ముఖ్య దృశ్యాల రూపమే దాడి చేసేవారికి కీర్తిని, కాపలా కాసేవారికి నిందను పంచుతుంది. ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. సంక్షేపం స్వభావమే అటువంటిది.

కాలం విషయంలో కూడా ఇదే జరుగుతుంది. ఇరవయ్యవ నిమిషంలోని గోల్‌కూ ఎనభయ్యవ నిమిషంలోని గోల్‌కూ మధ్య మైదానంలో గంట గడుస్తుంది. కూర్పులో కొన్ని క్షణాలే గడుస్తాయి. ఆ గంటలో పేరుకున్న అలసట, జాప్యం, ప్రేక్షకుల అసహనం రెండవ గోల్‌కు కారణాలు కావచ్చు. కూర్పు కార్యాన్ని చూపి కారణాన్ని దాటవేస్తుంది. ఇతివృత్తం మిగిలి, రసపోషణకు అవసరమైన విభావానుభావాలు జారిపోయిన కావ్య సంగ్రహంతో దీన్ని పోల్చవచ్చు.

కార్యక్రమంలో ఆటల వరుస మరొక తీర్పు. ఏ ఆటను ముందు చూపాలి, దేనికి ఎంత సమయం ఇవ్వాలి అన్న నిర్ణయాలు విశ్లేషకుడు నోరు విప్పకముందే విలువలను నిర్ణయిస్తాయి. గోల్ లేకుండా ముగిసిన ఆట చివరికి జరగడం ఆనవాయితీ. కనుక దృశ్యం నిజం, మాట అభిప్రాయం అనే విభజన నిలవదు. దృశ్యాల కూర్పు మాట్లాడని వ్యాఖ్యానం.

4. మాటలు లేని ప్రసారం

ఈ వాదనను పరీక్షించే అవకాశం 2023 మార్చి 11న అనుకోకుండా ఏర్పడింది. ప్రభుత్వ శరణార్థి విధానాన్ని విమర్శిస్తూ కార్యక్రమ సమర్పకుడు గారీ లినెకర్ సామాజిక మాధ్యమంలో చేసిన వ్యాఖ్య కారణంగా బి.బి.సి. ఆయనను కార్యక్రమానికి దూరంగా ఉంచింది. ఆయనకు మద్దతుగా విశ్లేషకులు ఇయాన్ రైట్, అలన్ షియరర్ తప్పుకున్నారు. వ్యాఖ్యాతలు కూడా అదే దారి పట్టారు. ఆ రాత్రి కార్యక్రమం సమర్పకుడు, విశ్లేషణ, వ్యాఖ్యానం, పరిచయ సంగీతం ఏవీ లేకుండా 20 నిమిషాలు మాత్రమే సాగింది. వినిపించింది మైదానంలోని జనఘోష ఒక్కటే.

ఆ ప్రసారాన్ని సుమారు 25.8 లక్షల మంది చూశారు. అంతకు ముందు వారం కంటే ఇది దాదాపు ఐదు లక్షలు ఎక్కువ. విశ్లేషణ అనవసరమనడానికి కొందరు ఈ సంఖ్యను సాక్ష్యంగా చూపారు. ఆ నిర్ణయం తొందరపాటు. దేశమంతా చర్చించుకుంటున్న వివాదం తెరపై ఎలా కనబడుతుందో చూడాలన్న కుతూహలాన్నీ, మాటలు లేని ఆటపై ఇష్టాన్నీ ఆ సంఖ్య వేరు చేసి చూపలేదు. ఒక్క రాత్రి లెక్కతో అలవాటును కొలవడం కుదరదు.

సంఖ్య కంటే ఆ రాత్రి చూపిన దృశ్యాలే ఎక్కువ చెబుతాయి. ఆ రోజు బోర్న్‌మత్ జట్టు లివర్‌పూల్‌ను 1–0 తేడాతో ఓడించింది. ఫిలిప్ బిల్లింగ్ గోల్ చేశారు. మొహమ్మద్ సలా పెనాల్టీని గోల్ బయటికి కొట్టారు. ఇవి కంటికి కనిపించే విషయాలు. అంతకు ఆరు రోజుల ముందు ఇదే లివర్‌పూల్ మాంచెస్టర్ యునైటెడ్‌ను 7–0 తేడాతో ఓడించిందని ఆ దృశ్యం చెప్పదు. 2022 ఆగస్టులో ఇదే బోర్న్‌మత్ ఇదే లివర్‌పూల్ చేతిలో 9–0 తేడాతో ఓడిందనీ చెప్పదు. ఆ జట్టు లీగ్ నుంచి కింది శ్రేణికి జారిపోకుండా పోరాడుతోందనీ చెప్పదు. ఆ రోజు ఆ మైదానంలో వినిపించిన కేకల అర్థం ఈ మూడు విషయాల్లో ఉంది. వాటిని ముందే తెలిసినవారికి మాటలు లేని దృశ్యం చాలింది. తెలియనివారికి అది ఒక బంతి వలలో పడటం మాత్రమే.

దీన్నిబట్టి మౌన ప్రసారం అందరికీ సమానమైన ప్రసారం కాదని తేలుతుంది. సందర్భాన్ని వెంట తెచ్చుకోగలిగిన రసికుడికి అది అనుకూలం. కొత్తగా వచ్చిన ప్రేక్షకుడికి అది తలుపు మూస్తుంది. మాటలు తగ్గించాలని కోరేవారు చాలావరకు మొదటి వర్గంవారే కావడం గమనించదగిన విషయం.

5. ఆప్తవాక్యం – దాని హద్దులు

ఇంతమాత్రాన స్టూడియోలో చెప్పే ప్రతిమాటా విలువైనది కాదు. విశ్లేషకుడి మాటకు బలం ఆయన ఒకప్పుడు ఆడినవాడు కావడం. తర్కశాస్త్ర పరిభాషలో ఇది ఆప్తవాక్యం. ఆప్తుడు తాను ఎరిగిన దాని గురించి చెప్పినంతవరకు ఆ మాట ప్రమాణం. తన అనుభవం నుంచి సార్వత్రిక నియమం చేయబోయినప్పుడు అది అనుమానం అవుతుంది. అనుమానానికి వ్యాప్తి కావాలి.

1995 ఆగస్టు 19న ఆస్టన్ విల్లా చేతిలో మాంచెస్టర్ యునైటెడ్ 3–1 తేడాతో ఓడినప్పుడు, కుర్రవాళ్లతో ఏమీ గెలవలేరని అలన్ హాన్సెన్ ఈ కార్యక్రమంలోనే తేల్చిచెప్పారు. ఆ జట్టు ఆ సీజన్‌లో లీగ్‌నూ, ఎఫ్.ఎ. కప్‌నూ రెండింటినీ గెలుచుకుంది. హాన్సెన్ లివర్‌పూల్ తరఫున అనేక పతకాలు గెలిచిన రక్షకుడు. ఆటను చదవడంలో నిపుణుడు. ఆ రోజు రక్షణలో కనిపించిన లోపాలను చూపినంతవరకు ఆయన మాట ప్రమాణమే. ఒక్క ఆటను చూసి ఒక తరంపై తీర్పు చెప్పడంలోనే దోషం ఉంది. జోస్యం తప్పడం కంటే, ప్రత్యక్షం నుంచి అనుమానానికి దాటినట్లు ఎవరికీ తెలియకుండా దాటడం పెద్ద లోపం.

మరొక లోపం ఇంతకంటే తీవ్రమైనది. 2020లో రన్‌రిపీట్ అనే పరిశోధన సంస్థ ఇంగ్లండ్ వృత్తి ఫుట్‌బాల్ క్రీడాకారుల సంఘంతో కలిసి ఒక అధ్యయనాన్ని ప్రకటించింది. ఇంగ్లండ్, ఇటలీ, స్పెయిన్, ఫ్రాన్స్ లీగ్‌లకు చెందిన 80 ఆటల ఇంగ్లీషు ప్రత్యక్ష వ్యాఖ్యానాన్ని అది పరిశీలించింది. తెల్లని మేని ఛాయ గల ఆటగాళ్లకు తెలివి, కష్టపడే గుణం గురించిన మెప్పు ఎక్కువగా దక్కుతోందని, నల్లని మేని ఛాయ గలవారి విషయంలో బలం, వేగం గురించిన మాటలు ఎక్కువగా వస్తున్నాయని తేలింది. అది ప్రత్యక్ష వ్యాఖ్యానంపై చేసిన పరిశీలన. స్టూడియో విశ్లేషణకు దాన్ని నేరుగా అన్వయించలేము. అయితే చూసిన దృశ్యానికి ఏ విశేషణం తగిలించాలన్న సమస్య రెండింటికీ ఒకటే. ఒకే పరుగు ఒకరి విషయంలో ఆలోచన, మరొకరి విషయంలో కండబలం అయితే, ప్రేక్షకుడు ఆటతో పాటు ఒక వివక్షను కూడా నేర్చుకుంటాడు. మౌన ప్రసారాన్ని సమర్థించే వాదనల్లో బలమైనది ఇదే. అయినా మాటను తొలగించడం దీనికి పరిష్కారం కాదు. మాటను దృశ్యానికి జవాబుదారీగా ఉంచడం పరిష్కారం.

6. మంచి విశ్లేషణ లక్షణం

పంచకావ్యాలకు వ్యాఖ్యలు రచించిన కోలాచల మల్లినాథసూరి తెలుగు నేలకు చెందినవాడు. మూలంలో ఆధారం లేనిది రాయకపోవడం, అపేక్షితం కానిది చెప్పకపోవడం ఆయన పెట్టుకున్న నియమం. ఈ రెండు షరతులూ స్టూడియో పండితుడికి సరిగ్గా సరిపోతాయి. ఆటగాడికి గెలవాలన్న పట్టుదల లేదని అనడం మొదటి షరతును దాటడం. తెరపై దానికి ఆధారం దొరకదు. ఇప్పుడే అందరూ చూసిన గోల్‌ను మళ్లీ మాటల్లో చెప్పడం రెండవ షరతును దాటడం.

స్కై స్పోర్ట్స్ ‘మండే నైట్ ఫుట్‌బాల్’ కార్యక్రమంలో గారీ నెవిల్, జేమీ క్యారాగర్ అనుసరించే పద్ధతి ఈ షరతులకు దగ్గరగా వస్తుంది. గోల్‌కు పదిహేను సెకన్ల ముందుకు దృశ్యాన్ని వెనక్కి తిప్పి, మైదానం మొత్తం కనిపించే కోణంలో ఆపి, ఏ ఆటగాడు ఏ చోటును వదిలాడో చూపడం ఆ పద్ధతి. ఇద్దరూ రక్షకులుగా ఆడినవారే. కూర్పు సహజంగా విస్మరించే పనిని వారు తిరిగి తెరపైకి తెస్తారు. ఇందులో మరొక ప్రయోజనం ఉంది. ఆధారం కళ్లముందు ఉన్నందువల్ల ప్రేక్షకుడు వారితో విభేదించగలడు. నెవిల్ చెప్పినదాన్ని క్యారాగర్ అదే దృశ్యంతో ఖండించగలడు. అప్పుడు ఆప్తవాక్యం పరీక్షకు నిలబడుతుంది.

అయితే ఈ పద్ధతికి సమయం కావాలి. ఒక రాత్రిలో అనేక ఆటలను చూపవలసిన ‘మ్యాచ్ ఆఫ్ ది డే’కు ఆ సమయం లేదు. దృశ్యాలు పెరిగితే విశ్లేషణ కుదించుకుపోయి తీర్పుగా మిగులుతుంది. విశ్లేషణ పెరిగితే చిన్న జట్ల ఆటలు కోతకు గురవుతాయి. మాటలు తగ్గించాలన్న ఫిర్యాదుకు అసలు మూలం ఇక్కడ ఉంది. అది మాటకూ దృశ్యానికీ మధ్య విరోధం కాదు, కాలం పంపకంలో ఇబ్బంది.

7. మాట మాత్రమే మిగిలిన ఆట

2023 మార్చి 11 నాటి ప్రసారంలో మాట లేని దృశ్యం మిగిలింది. దీనికి సరిగ్గా వ్యతిరేకమైన ఉదాహరణ తెలుగు ప్రాంతంలోనే ఉంది. హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. ఆ జట్టుకు శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణాన్ని సాధించింది. భారతదేశంలో టెలివిజన్ మొదలైంది 1959లో. హైదరాబాద్‌లో దూరదర్శన్ కేంద్రం ఏర్పడింది 1977లో. సిటీ పోలీస్ విజయాలకు టెలివిజన్ దృశ్యం అనేదే లేదు. నేటి పాఠకుడికి ఆ ఆట పత్రికా వార్తలుగా, శిష్యుల జ్ఞాపకాలుగా, గణాంకాలుగా మాత్రమే చేరుతోంది.

ఇక్కడ ఆప్తవాక్యం ఉంది, దాన్ని పరీక్షించే ప్రత్యక్షం లేదు. రహీం బోధన గొప్పదని అందరూ అంగీకరిస్తారు. ఆ బోధన మైదానంలో ఏ కదలికగా మారిందో చూపి వాదించడం సాధ్యం కాదు. ఖండించే వీలు లేని ప్రశంస క్రమంగా పురాణమవుతుంది. మాట లేని దృశ్యం అర్థాన్ని కోల్పోతే, దృశ్యం లేని మాట విమర్శకు అందకుండా పోతుంది. రెండు లోపాలూ ఒకదానికొకటి సాక్ష్యం చెబుతాయి.

8. ముగింపు

పై పరిశీలన వల్ల మూడు విషయాలు తేలుతున్నాయి. ముఖ్య దృశ్యాల కూర్పు మూలం కాదు, ఎంపిక రూపంలోని వ్యాఖ్యానం. విశ్లేషణ అదనపు అలంకారం కాదు. కూర్పు విడిచిన కారణాన్నీ సందర్భాన్నీ తిరిగి చేర్చినప్పుడు అది ఆటను గ్రహించడానికి సాధనం. అయితే దృశ్యంలో ఆధారం చూపలేని విశ్లేషణకు ప్రామాణ్యం లేదు.

క్రీడా ప్రసారాలను వినోదంగా పక్కన పెట్టడం సాహిత్య విమర్శలో ఇంతకాలం జరిగింది. లక్షలాది మంది వారం వారం ఒక సంక్షేపాన్ని చూసి, దానిపై వ్యాఖ్యను విని, ఏది నమ్మాలో నిర్ణయించుకుంటున్నారు. కబడ్డీ, క్రికెట్ ప్రసారాలు తెలుగు వ్యాఖ్యానంతో ఇంటింటికీ చేరుతున్న ఈ కాలంలో, ఆ వ్యాఖ్యానం ఏ ఆధారంపై నిలుస్తోంది, ఎవరికి ఏ విశేషణాన్ని ఇస్తోంది అన్న ప్రశ్నలు తెలుగు పరిశోధన చేపట్టవలసినవి. మూలాన్నీ వ్యాఖ్యనూ కలిపి చదివే అలవాటు ఉన్న సాహిత్య విద్యార్థికి ఇందుకు కావలసిన పరికరాలు ఇప్పటికే చేతిలో ఉన్నాయి.