బంతి వేసే చెయ్యి

2019లో వచ్చిన రెండు క్రికెట్ సినిమాలను నరసరావుపేటలో చూశాను. 'జెర్సీ' నాయకుడు బ్యాట్స్‌మన్. 'కౌసల్య కృష్ణమూర్తి' నాయిక బౌలర్, అప్పుల్లో కూరుకుపోయిన రైతు కూతురు. మా విద్యార్థి మిత్రులు మొదటిదానిలో శిల్పం ఉందన్నారు. రెండోది ఉపన్యాసమని తోసిపుచ్చారు. ఉపన్యాసం ఉంది, కాదనను. తమిళ 'కణా'కు అది అనుసరణ అన్న మాటా నిజమే. కానీ రైతు బిడ్డ చేతికి బంతినివ్వటం కాకతాళీయమని నేననుకోను.

ఇంగ్లండులో డబ్బు పుచ్చుకోకుండా ఆడే దొరలు అమెచ్యూర్లు. కూలికి ఆడేవాళ్ళు ప్రొఫెషనల్స్. ఈ తేడా 1962 దాకా నిలిచింది. బ్యాటింగ్ దొరల సొగసు. రోజంతా బంతి వేసే చాకిరీ ఎక్కువగా కూలివాళ్ళది. అలాగని బౌలింగ్‌లో ప్రతి కొత్తదనమూ శ్రామికుడిదేనని సూత్రం అల్లితే చరిత్ర ఒప్పుకోదు. గూగ్లీని కనిపెట్టిన బోసాంక్వెట్ ఆక్స్‌ఫర్డులో చదివిన అమెచ్యూరే. బంతిని కిందనుంచి విసిరే రోజుల్లో, 1822లో లార్డ్స్ మైదానంలో, చేతిని పక్కకు చాచి వేసిన జాన్ విల్స్ కూడా దొరే. అంపైరు నోబాల్ అనగానే ఆయన గుర్రమెక్కి వెళ్ళిపోయాడట. ఆ పద్ధతిని ఆయన తన చెల్లెలి దగ్గర నేర్చాడనీ, వెడల్పాటి గౌను అడ్డొచ్చి ఆమె అలా వేసేదనీ ఒక కథ ఉంది. ఆ కాలంలో అలాంటి గౌనులే లేవని కొందరు చరిత్రకారులు కొట్టిపారేశారు.

ఇటుకల పని నుంచి వచ్చిన విలియం లిల్లీవైట్‌కు ఎక్కి వెళ్ళటానికి గుర్రం లేదు. సస్సెక్స్ జట్టులో అదే పద్ధతిలో వేస్తూ వచ్చాడు. చట్టమే దిగివచ్చింది: 1828లో మోచేతి దాకా, 1835లో భుజం దాకా చెయ్యి లేపవచ్చన్నారు.

1862లో ఓవల్ మైదానంలో ఎడ్గార్ విల్షర్ చెయ్యి భుజం దాటింది. అంపైరు వరుసగా ఆరు నోబాల్స్ ప్రకటించాడు. ఆ అంపైరు ఎవరో కాదు, లిల్లీవైట్ కొడుకు జాన్! విల్షర్ బంతి విసిరేసి నడిచాడు. జట్టులోని తోటి ప్రొఫెషనల్స్ అతని వెంట నడిచారు. మైదానంలో ఇద్దరు అమెచ్యూర్లు మిగిలారు. మర్నాడు అంపైరును మార్చారు. 1864లో చట్టాన్నే మార్చారు. ఇది సమ్మె కాక మరేమిటి?

మన కథకుల్లో ఈ చూపు తక్కువ. పల్నాటి కోడిపందెం అనగానే బ్రహ్మనాయుడు, నాగమ్మ గుర్తొస్తారు. పుంజును మేపి సిద్ధం చేసినవాడి గురించి ఎవరికీ పట్టదు. 'కౌసల్య'తో నా పేచీ కూడా ఇక్కడే. ఆమె గెలుపు చూశాను, రైతుల గురించి ఆమె చెప్పిన మాటలు విన్నాను. బంతిని తిప్పీ తిప్పీ కాయలు కాచే వేలు నాకు కనిపించలేదు. మాచర్ల, గురజాల చేలల్లో మిరపకాయలు కోసే ఆడవాళ్ళ వేళ్ళు చూసిన రచయితకు ఆ వేలు రాయటం కష్టం కాదు.