ప్రోగ్రామింగు నేర్చువారి ప్రథమ గ్రంథము

కంప్యూటరు ప్రోగ్రామింగు నేర్వగోరు విద్యార్థి మొదట అడుగు ప్రశ్న “ఏ భాష?” అనునది. కాని యా విద్యార్థి నిలుచుటయు మానుటయు తొలుత చేతికి వచ్చిన గ్రంథమునుబట్టియే యుండును. పొరుగు రాష్ట్రములలో తరతరములుగా స్థిరపడిన తెలుగు కుటుంబముల పిల్లల విషయమున నిది మరింత సత్యము. ఇంట తెలుగు, బడిలో తమిళమో, కన్నడమో, ఒడియాయో, గ్రంథము ఆంగ్లము. కొరుకుడు పడనిది ఆంగ్లమో విషయమో తేల్చుకొనలేక, లోపము తమ బుద్ధిలోనిదే యని తలచి విరమించుకొను ప్రమాదము కలదు.

బ్రయన్ కెర్నిహాన్, డెనిస్ రిచీలు 1978లో ప్రకటించిన ‘ది సి ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్’కు మన కళాశాలలలో వేదప్రామాణ్యమున్నది. దాని క్లుప్తత మెచ్చదగినదే. అయితే యిది ప్రవేశ గ్రంథము కాదనియు, కొత్తవారికి తెలిసిన సహచరుడు తోడున్న మేలనియు గ్రంథకర్తలే పీఠికలో సూచించిరి. పీఠిక చదువకయే గ్రంథమును విధించుట బోధకుల దోషము గాని గ్రంథ దోషము కాదు.

నాగపూరు వాస్తవ్యులగు యశవంత్ కనేత్కర్ వ్రాసిన ‘లెట్ అస్ సి’ ఆ సహచరుని స్థానమును కొంత పూరించినది. సంభాషణ ధోరణి, సులభమైన ఆంగ్లము దాని గుణములు. పూర్వపు ముద్రణలు టర్బో సి నాశ్రయించుట దాని లోపము. ఆ పరికరమున సాధారణ పూర్ణాంకము 32767 దాటదు. కనుక 7 యొక్క క్రమగుణితము 5040 సరిగా వచ్చును. 8 యొక్క క్రమగుణితము 40320 రావలసినచోట ఋణసంఖ్య ప్రత్యక్షమగును. నేటి యంత్రములలో ఆ హద్దు సాధారణముగా 2147483647. అందుచే 12 వరకు లెక్క సరిపోయి 13 వద్ద తప్పును. సి భాష హెచ్చరికయైన నీయదు. తన తర్కము సరిగానే యుండగా జవాబు తప్పుట చూచిన బాలుని దిగ్భ్రమ ఎట్టిదో బోధకులు తలపవలెను.

గైడో వాన్ రాసమ్ 1991లో వెలువరించిన పైథాన్‌లో ఈ చిక్కు లేదు. స్మృతి చాలినంతవరకు ఎంత పెద్ద సంఖ్యనైన సరిగానే లెక్కించును. యంత్రపు హద్దులను మరుగుపరచుట లోపమందురు కొందరు. నిజమే, కాని హద్దు తెలియవలసినది రెండవ యేట, మొదటి వారమున కాదు. ఇక ఏబెల్సన్, సస్మన్‌ల 1985 నాటి గ్రంథము మహత్తరమైనది; గణితాభిరుచి గలవారికే తగినది.

సి తొలి ప్రామాణికమున ప్రత్యేక పదములు 32. నేటి పైథాన్‌లో 35. ఇంతటి ఆంగ్లము ఎవరికైనను పదిదినముల పని. భారమంతయు గ్రంథపు వివరణలోనే యున్నది. ఆ వివరణ తెలుగున నుండుటకు అడ్డేమియు లేదు. పైగా 2008లో వచ్చిన పైథాన్ 3 నుండి రాశులకు ‘అసలు’, ‘వడ్డీ’, ‘మొత్తము’ అని తెలుగు లిపిలోనే పేర్లిడవచ్చును. ఈ సంగతి తెలిసిన బోధకులు అరుదు కాబోలు! ఇంట విన్న వడ్డీలెక్కను ఏటేట పెంచుచు ఇట్లు వ్రాసిన విద్యార్థి, పిదప కెర్నిహాన్, రిచీల మొదటి అధ్యాయము తెరచినచో, అందలి ఉష్ణోగ్రతల పట్టికలో ఆ ఆవృత్తినే గుర్తుపట్టగలడు.