ఫ్లాపీ చదువు: సగము విజయము

ప్రాత ఫ్లాపీ డిస్కుల సమాచారమును రాబట్టు సాధనములలో గ్రీజ్‌వీజిల్ మెచ్చదగినది. సాధారణ కంప్యూటరు ఒక సెక్టారును చదివి, దాని తనిఖీ సంఖ్య కుదరనిచో తప్పని చెప్పి ఊరకుండును. ఇదట్లు కాదు. ప్రాత డ్రైవునకు తగిలించినచో, డిస్కుపై అయస్కాంత దిశ మారిన ప్రతి చోటును, మార్పుల నడుమ గడచిన కాలమును నమోదు చేయును. అర్థము తీయుట తరువాతి పని. (బూజు తుడువకున్న డ్రైవు తలయే పాడగును!)

అయినను ఇది సగము విజయమే. మూడున్నర అంగుళముల డిస్కులో 80 వలయములు, రెండు ముఖములు, వలయమునకు 18 సెక్టార్లు, సెక్టారునకు 512 బైట్లు. వెరసి 14,74,560 బైట్లు. ఇవన్నియు తప్పులేక వచ్చినను, కరీంనగరములో 1990ల నాడు కూర్చిన తెలుగు పుస్తకము గజిబిజి రోమను గుర్తులుగా కనబడవచ్చును. 1991లోనే యూనికోడులో తెలుగు చేరినను, అచ్చుపనివారు చాలకాలము సొంత సంకేతముల ఫాంట్లనే వాడిరి. ఒకదానిలో ‘క’కు ఇచ్చిన సంఖ్య మరియొకదానిలో కొమ్ము కావచ్చును. ఫాంటు పోయినచో తాళపుచెవి పోయినట్లే.

ఆదిలాబాదు జిల్లా గుంజాలలో దొరకిన గోండి వ్రాతప్రతులు ఇంతకన్న అదృష్టము చేసికొన్నవి. కాగితముతోపాటు ఆ లిపి చదువగల కొద్దిమంది పెద్దలును మిగిలిరి. హైదరాబాదు విశ్వవిద్యాలయమునకు చెందిన జయధీర్ తిరుమలరావు బృందము దానిపై కృషి చేసినది. 2018లో యూనికోడు 11వ కూర్పున గుంజాల గోండి చేరినది. ఫ్లాపీకి అట్టి పెద్ద ఫాంటు ఫైలే. డిస్కు ప్రతిని మాత్రము దాచి, ఫాంటును, పేజీలు కూర్చిన ప్రోగ్రామును వదలివేయు భద్రత లోపభూయిష్టము.

బడి బీరువాలో ఇట్టి డిస్కులు దొరకినచో, లేబులుపై ఫాంటు పేరున్నదేమో ముందు చూడవలెను. మూలనున్న చిన్న కిటికీని తెరచియుంచినచో దానిపై క్రొత్త వ్రాత పడదు.